గాయంతో ఆడేవాడిని మెచ్చుకోవాలా, ఆపాలా?

ప్రశ్న:
2014 ఛాంపియన్స్ లీగ్ ఫుట్‌బాల్ ఫైనల్ మళ్లీ చూశాను. తొడ కండరం గాయం మానకుండానే డియెగో కోస్టాను అట్లెటికో మాడ్రిడ్ మొదటి నుంచీ దింపింది, 9 నిమిషాలకే బయటికొచ్చేశాడు. సిమియోనె లాంటి కోచ్ ఎలా ఒప్పుకున్నాడు? జట్టులో ఎవరూ వద్దనలేరా?

జవాబు 1:
ఆ జట్టు బలమే ఒకరి కోసం ఒకరు పరిగెత్తడం బ్రో, అలాంటి చోట "నా వల్ల కాదు" అనడానికి నోరు రాదు. కానీ దాని ఖరీదు చూడండి. అప్పట్లో సబ్‌స్టిట్యూషన్లు మూడే, ఒకటి 9వ నిమిషంలోనే పోయింది, ఎక్స్‌ట్రా టైమ్‌లో హువాన్‌ఫ్రాన్ కుంటుతున్నా మార్చే వీల్లేక అలాగే ఆడించారు. చివరికి రియల్ మాడ్రిడ్ చేతిలో 4-1. బాధ్యత తనదేనని సిమియోనె తర్వాత ఒప్పుకున్నాడు, అందుకే ఆయనంటే నాకు గౌరవం.

జవాబు 2:
కండరం సంగతి వేరు, తల దెబ్బ వేరు. అదే ఏడాది వరల్డ్ కప్ ఫైనల్లో జర్మనీ ఆటగాడు క్రామర్ తలకు దెబ్బ తగిలినా ఆడుతూనే ఉన్నాడు, ఇది ఫైనలేనా అని రెఫరీనే అడిగాడు! 31వ నిమిషంలో గానీ తీయలేదు. మా అబ్బాయి కూడా ఆడతాడు, ఆ దృశ్యం గుర్తొస్తే ఇప్పటికీ టెన్షన్.

ప్రశ్న అడిగినవారు:
మరి ఆపేది ఎవరు? ఆటగాడు ఎలాగూ ఆపడు.

జవాబు 1:
డాక్టరే, కోచ్ మాటతో పనిలేకుండా. తల దెబ్బకు అదనపు సబ్‌స్టిట్యూట్‌ను 2021లో ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో ట్రయల్‌గా తెచ్చారు. కండరాల గాయాలకు మాత్రం డ్రెస్సింగ్ రూమ్‌లో సీనియర్లే ముందు నోరు విప్పాలి.