బెర్విక్ గోడలు: దండగ ఖర్చా, తప్పని ఖర్చా?

చరిత్రపిచ్చోడు:
ఇంగ్లాండ్, స్కాట్లాండ్ సరిహద్దులో ట్వీడ్ నది సముద్రంలో కలిసేచోట బెర్విక్ అని ఊరుంది, దాని చుట్టూ 1558లో గోడలు మొదలెట్టి మొదటి ఎలిజబెత్ రాణి హయాంలో 1570 దాకా కడుతూనే ఉన్నారు, అయిన ఖర్చు 1,28,000 పౌండ్ల పైమాటే. ఇంతా చేస్తే ఒక్క ముట్టడి కూడా జరగలేదు. నన్నడిగితే శుద్ధ దండగ.

కోటగుమ్మం:
ఇప్పుడు కూర్చుని ఎన్నైనా అంటాం సార్. 1558 జనవరిలో ఫ్రాన్స్‌లో ఇంగ్లాండ్ చేతిలో ఉన్న కలే రేవు ఫ్రెంచోళ్ళ చేతికి పోయింది, ఏప్రిల్‌లో స్కాట్లాండ్ రాణి మేరీ ఫ్రెంచ్ యువరాజుని పెళ్ళాడింది, బెర్విక్‌కి కాస్త పైన ఐమత్‌లో ఫ్రెంచోళ్ళు కోట కట్టుకుని కూర్చున్నారు. పాత గోడలేమో ఎత్తుగా సన్నగా, ఫిరంగి దెబ్బకి ఆగవు. కొత్తవి పొట్టిగా లావుగా, వెనకాల మట్టి దట్టించి కట్టారు. బురుజులు బాణం ములుకుల్లా బయటికి పొడుచుకొస్తాయి, ఒక బురుజు పక్కన దాచిన ఫిరంగి గోడ పొడవునా అవతలి బురుజు దాకా కాలుస్తుంది, గోడ కిందకి చేరినోడికి నక్కడానికి మూలే దొరకదు. పైనుంచి తీసిన ఫొటో చూస్తే వెంటనే అర్థమవుద్ది.

లెక్కలమాస్టారు:
డిజైన్ సూపరే, కాదన్లేదు. కానీ ఫ్రెంచోళ్ళని వెళ్ళగొట్టింది గోడలా ఓడలా? 1560 జనవరిలో ఇంగ్లీష్ నౌకాధికారి విలియం వింటర్ ఓడలేసుకుని స్కాట్లాండ్‌లోని ఫోర్త్ ఖాతంలోకి పోయి ఫ్రాన్స్ నుంచి సాయం రాకుండా అడ్డం పడ్డాడు, అక్కడి ఎడిన్‌బరో రేవు లీత్‌లో ఉన్న ఫ్రెంచ్ సైన్యం ఇరుక్కుపోయింది, జూలైలో ఒప్పందం చేసుకుని మూటాముల్లె సర్దుకుని పోయారు. ఆ తర్వాత కూడా ఇన్నేళ్ళు రాళ్ళు పేర్చడం దేనికి??

కోటగుమ్మం:
లీత్ మీదకి ఇంగ్లీష్ సైన్యం బయల్దేరింది ఎక్కణ్ణుంచో చెప్పండి మరి, బెర్విక్ నుంచే కదా.

లెక్కలమాస్టారు:
అప్పటికి మీ గోడలు పూర్తే కాలేదు బాబూ 😄

తీరంకాపలా:
మధ్యలో దూరుతున్నా ఏమనుకోకండి. గోడల్లేని చోట ఏమైందో కూడా చూడాలిగా, 1595లో నాలుగు స్పానిష్ గాలీలు (తెడ్లతో నడిచే యుద్ధ ఓడలు) ఇంగ్లాండ్ నైరుతి మూల కార్న్‌వాల్‌లో దిగి మౌస్‌హోల్, న్యూలిన్, పెంజాన్స్ తగలబెట్టి పోయాయి, ఊరి దళాల్లో చాలామంది పారిపోయారు. కొండ మీద మంట వేస్తే కబురైతే అందుద్ది గానీ వచ్చినోణ్ణి ఆపేదెవరు?

చరిత్రపిచ్చోడు:
నేననేదీ అదేనండీ! ఎనిమిదో హెన్రీ 1539 నుంచి తీరం వెంబడి కట్టిన కోటలన్నిటికీ కలిపి దాదాపు 3,76,000 పౌండ్లు (ఆయన మూయించి లాక్కున్న మఠాల సొమ్మే లెండి చాలావరకు). దాంట్లో మూడో వంతంత సొమ్ము తర్వాత బెర్విక్ ఒక్క ఊరికే పోసేశారు. ఆ డబ్బులో కొంచెం పెంజాన్స్‌కి పెట్టి నాలుగు ఫిరంగులు నిలబెట్టుంటే ఏం పోయేది?