‘దాపల’ అంటే ఎడమా, దగ్గరా?

పుస్తకాల మూట: రాత్రి డాఫ్నే డు మారియే ఇంగ్లిష్ నవల ‘రెబెక్కా’ మళ్ళీ మొదలుపెట్టాను. ఆదివారం మా పాఠకుల కూటమిలో దాని మీద పావుగంట మాట్లాడాలి. కొత్తగా కాపురానికి వచ్చిన అమ్మాయి మాండర్లీ బంగళాలో దారి తప్పి, పడమటి వైపు గదుల్లోకి వెళ్ళిపోతుంది చూడండి, సరిగ్గా అక్కడ నన్ను పోతన ‘గజేంద్రమోక్షం’లోని ‘అల వైకుంఠపురంబులో’ పద్యంలో ఒక పాదం పట్టుకుంది. ‘నగరిలో నా మూల సౌధంబు దాపున’. దాపునా, దాపలా? తర్వాత మందారవనం, ఇంకెక్కడో పర్యంకం, మధ్యలో అంతా మసక. దాపలే అయితే ఎడమ అనా, దగ్గర అనా? ఎడమైతే ఆ గదుల సంగతి ఈ పద్యంతో ఎత్తుకుందామని ఆశ.

ఛందోపిచ్చి: దాపలే. ‘దా’ దగ్గర పాదం తెగి ‘పల’ కింది పాదంలోకి దిగుతుంది. అల, పల, త్పల, హ్వల, నాలుగు పాదాల మొదళ్ళూ ఇవే. దాపున అన్నారంటే ప్రాస గోవిందా. ఇంకోటి, ‘నా మూల’ అని కలిపి చదివినా మనసులో లోన్ + ఆ అని విడదీసుకోండి. మొదటి అక్షరం అ, పద్నాలుగోది ఆ, యతి కుదిరింది. ‘నాది’ అనే నా అనుకుంటే యతి కూడా పోతుంది.

నిఘంటు పురుగు: ఎడమ. బ్రౌన్ దొర మాటా అదే. వలపల కుడి, దాపల ఎడమ. దీనికి చర్చ దేనికి?

గోదారి గట్టు: దేనికంటే, మా తాత అరక కట్టేటప్పుడు దాపటెద్దు, వెలపటెద్దు అనేవాడు. దాపటిది ఎడమదే, కాదనను. అయితే దానికా పేరెందుకొచ్చింది? దాపున ఉంటుంది కాబట్టి. రెండోది వెలుపల ఉంటుంది. ముందు పుట్టింది దగ్గర అనే అర్థం, ఎడమ తర్వాత వచ్చి చేరింది. పోతన పొలం దున్నుకున్నవాడు, ఆయనకి ఈ మాట నాగలి దగ్గర తెలుసు.

నిఘంటు పురుగు: వెలపల కాదు, వలపల. వల అంటేనే కుడి. వలకేలు వినలేదా? ‘వ’కి ఎత్వం ఇచ్చి దాని మీద ఒక సిద్ధాంతం కట్టేశారు.

గోదారి గట్టు: మా ఊళ్ళో వెలపటే అండీ. పుస్తకంలో ఎద్దులు మీవి, కొట్టంలో ఎద్దులు మావి.

తాటాకు: మీరిద్దరూ ఎద్దుల్ని తోలుకుంటూ అసలు చిక్కు దాటిపోయారు. చిక్కు ‘మూల’లో ఉంది. మూలవిరాట్టు, మూలధనం, మూలస్థానం. అలాగే మూలసౌధం, అంటే ప్రధానమైన మేడ. జగన్నాథుణ్ణి తీసుకెళ్ళి ఊరి చివర మూలన కూర్చోబెడతాడా పోతన?

ఛందోపిచ్చి: కూర్చోబెడతాడు. ‘ఆ మూల కూర్చున్నాడు’ అంటామా లేదా? విభక్తి కూడా అక్కర్లేని మంచి తెలుగు నుడి అది. ఏనుగు మడుగులో గింజుకుంటోంది. ఈయనేమో పురంలో, పురంలో నగరి, నగరిలో ఆ మూల, మేడ, మేడ దాపల తోట, తోటలో కొలను, కొలను ఒడ్డున చంద్రకాంతశిల, దాని మీద కలువల పాన్పు. మాట మాటకీ ఇంకా లోపలికి పోతున్నాడు. వినేవాడికి టెన్షన్. ప్రధాన సౌధం అంటే ఈ దూరమంతా చప్పబడిపోతుంది.

పుస్తకాల మూట: నేను చెప్పబోయేదీ ఇదే! డాఫ్నే డు మారియే 1938లో చేసిన పనీ ఇదే. గేటు, ఎంతకీ తెగని మెలికల దారి, రెండు పక్కలా ఎర్రటి రోడోడెండ్రాన్ పూల గోడలు, ఇల్లు, హాలు, తూర్పు గదులు. తూర్పు గదుల్లోకి సముద్రం చప్పుడు రాదు. ఆ చప్పుడు వినాలంటే పోయిన మొదటి భార్య ఉన్న పడమటి గదులకే వెళ్ళాలి. కథ చెప్పే అమ్మాయి పేరు ఆఖరి పేజీ అయిపోయినా తెలియదు, పోయినావిడ పేరేమో అట్ట మీదే ఉంది. ఆ పూల దారి చూస్తే మందారవనం గుర్తు రాదూ?

తాటాకు: రాదు. పద్యంలో మందారం దేవతావృక్షం, మన పెరట్లో పూసేది కాదు.

పాత పెంకుటిల్లు: మూట గారూ, ‘వెస్ట్ వింగ్’ని ఏమంటున్నారు? పడమటిల్లు అనండి. మా అమ్మమ్మ వాళ్ళ పడమటిల్లు గుర్తొస్తోంది. పగలే దీపం కావాలి, భోషాణం, అటక, కర్పూరం వాసన. తాళాలు మా పెద్దమ్మ బొడ్లో ఉండేవి. నల్లచీర లేదన్న మాటే గానీ, మాండర్లీ ఇంటి పెత్తనం చూసే మిసెస్ డాన్వర్స్ నవల్లోకి రాగానే నాకు ఆవిడే కనబడింది. లోపలికి తొంగిచూస్తే చాలు, వెనకాల నిలబడి ఉండేది. చివరేమవుతుందో చెప్పకండి, నేనింకా సగంలో ఉన్నాను.

నిఘంటు పురుగు: పడమటిల్లు మాట బాగుంది. కానీ దానికి దాపలతో చుట్టరికం కలపకండి. తూర్పుకి తిరిగి నిలబడితే కుడి దక్షిణం, ఎడమ ఉత్తరం. మీ పడమర వీపు వెనక్కి పోయింది.

పుస్తకాల మూట: అయ్యో. అదొకటుందా!

గోదారి గట్టు: అందుకే దగ్గర అనుకోండి, హాయి. ఏ దిక్కూ అడ్డం రాదు.

తాటాకు: ఇంకో సంగతి. సంస్కృత భాగవతంలో ఈ ఘట్టంలో మేడా తోటా ఏవీ లేవు. మొర విన్నాడు, గరుడుణ్ణెక్కి చక్రంతో వచ్చేశాడు. ఇదంతా పోతన కట్టిన ఇల్లు. మూలంలో లేని ఇంటికి ఎడమేది, కుడేది?

ఛందోపిచ్చి: మూలంలో లేని మూల! ఇప్పుడు దారిలోకొచ్చారు. మూలంలో చక్రంతో వచ్చినవాణ్ణి, తర్వాతి పద్యంలోనే ‘శంఖచక్రయుగముం జేదోయి సంధింపఁడు’ అని వట్టి చేతులతో పరుగెత్తించాడు చూడండి. అంత లోపల పడుకోబెట్టాడు కాబట్టే ఆ పరుగుకి అంత అందం.

పాత పెంకుటిల్లు: పోతన ఇక్కడ ఆగిపోతే రాముడే వచ్చి పూరించాడంటారు కదా. మా అమ్మమ్మ చెప్పినప్పుడు ‘సౌధంబు’ దగ్గర ఆగేవాడు. అంటే దాపల రాముడి మాట. ఎడమో దగ్గరో ఆయన్నే అడగాలి.

గోదారి గట్టు: మా ఇంట్లో దాపల కూడా రాసేశాకే ఆగేవాడు.

ఛందోపిచ్చి: రెండూ కుదరవు. సౌధంబు దగ్గర ఆగితే పాదానికి ఒక్క అక్షరం తక్కువ. దాపల దగ్గర ఆగితే తర్వాతి పాదంలో రెండక్షరాలు రాసి ఆగినట్టు. ఆగితే గీగితే ‘దా’ దగ్గరే ఆగాలి.

పాత పెంకుటిల్లు: ‘దా’ అన్నాడు, దేవుడు వచ్చాడు. ఇంకేం కావాలి మీకు?

నిఘంటు పురుగు: ఇది వ్యుత్పత్తి కాదు, హరికథ.

పుస్తకాల మూట: ఆదివారం రేపే. కాగితం మీద ‘దాపల’ అని రాసి పక్కన ఖాళీ వదిలాను.

గోదారి గట్టు: ఖాళీ సంగతలా ఉంచండి. పద్యం చివర ‘కుయ్యాలించి’లో కుయ్యి మొరేనా, ఏనుగు ఘీంకారమా? మా దూడ కూడా తల్లి కోసం కుయ్యిమనేది మరి.