బ్యాటరీ 12.6 చూపిస్తోంది, అయినా ఉదయం కారు మొరాయిస్తోంది: మార్చాలా, వద్దా?

తొలిపొద్దు:
నాలుగేళ్ళ పెట్రోలు కారు. బ్యాటరీ కారుతో పాటు వచ్చిందే. పది రోజులుగా ఉదయం మొదటిసారి తాళం తిప్పితే ఇంజన్ బరువుగా ఈడ్చుకుంటూ తిరుగుతోంది, మూడో నాలుగో ప్రయత్నానికి అందుకుంటోంది. రాత్రంతా ఆపి ఉంచాక మల్టీమీటర్ పెడితే 12.6 వోల్టులు. తాళం తిప్పినప్పుడు హెడ్‌లైట్లు పెద్దగా మసకబారడం లేదు. షెడ్డులో మీటరు పెట్టకుండానే బ్యాటరీ మార్చమన్నారు. మార్చాలా?

పాత స్పానర్:
మార్చండి. ఇరవై రెండేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. నాలుగేళ్ళు దాటిన బ్యాటరీ, ఉదయం పూట బరువుగా తిరిగే ఇంజన్. ఈ రెండూ కలిస్తే పదింట ఎనిమిదిసార్లు బ్యాటరీదే తప్పు.

వోల్టుమీటరు:
12.6 అంటే నిండుగా ఛార్జ్ అయిన బ్యాటరీ. 12.4 దగ్గర ముప్పావు వంతు, 12.2 దగ్గర సగం, 12.0కి వస్తే పావు వంతే. లోపల ఆరు సెల్లులు, ఒక్కోటి సుమారు 2.1 వోల్టులు. ఒక సెల్లు చచ్చి ఉంటే మీటరు 10.5 దగ్గర ఆగిపోయేది. బాగున్న బ్యాటరీని ఎందుకు పారేయాలి?

పాత స్పానర్:
ఊరికే ఉన్న బ్యాటరీ వోల్టేజీ చూసి బాగుందనడం, పడుకున్న మనిషిని చూసి మూట మోయగలడని చెప్పడం లాంటిది. పలకల మీద సల్ఫేటు పేరుకున్న బ్యాటరీ కూడా 12.6 చూపిస్తుంది, భారం పడగానే కుప్పకూలుతుంది. పైగా బండి నడిపి వచ్చిన వెంటనే కొలిస్తే పైపై ఛార్జే కనిపిస్తుంది.

వోల్టుమీటరు:
రాత్రంతా ఆపాక కొలిచానని మొదటి మాటలోనే రాశారు. చదవండి.

పాత స్పానర్:
చదివాను. అయినా భారం కింద కొలవనిదే ఆ అంకెకు విలువ లేదు. ఇంజన్‌ను తిప్పే స్టార్టర్ మోటారు తిరుగుతుండగా 9.6 కన్నా కిందికి పడితే బ్యాటరీ పోయినట్టే.

వోల్టుమీటరు:
మరి అలా కొలవమని ముందే చెప్పకుండా మార్చమని ఎందుకు చెప్పారు?

వెలుగు:
హెడ్‌లైట్లు మసకబారడం లేదన్నారు కదా. బ్యాటరీ చతికిలబడితే దీపాలూ కుంగాలి. ఆ మాట ఎవరికీ పట్టలేదా?

డీజిల్ బండి:
మా బండికి గ్లో ప్లగ్గులు (చల్లటి డీజిల్ ఇంజన్‌ను వేడిచేసేవి) పోయినప్పుడు ఉదయం ఇలాగే ఇబ్బంది పెట్టేది.

వోల్టుమీటరు:
ఇది పెట్రోలు బండి. అదీగాక మీ ఇంజన్ చురుకుగానే తిరిగి, అందుకోకుండా ఉండి ఉంటుంది. చురుకుగా తిరిగి అందుకోకపోతే ఇంధనమో నిప్పురవ్వో చూడాలి. బరువుగా తిరగడం వేరే జబ్బు.

కొత్త చోదకుడు:
ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ ఊడదీయండి. ఆగిపోతే ఆల్టర్నేటర్, అంటే బ్యాటరీని ఛార్జ్ చేసే యంత్రం, పాడైనట్టు. మా నాన్నగారు అలాగే చూసేవారు.

పాత స్పానర్:
దయచేసి ఆ పని చేయకండి. ఆల్టర్నేటర్ వోల్టేజీ ఒక్కసారిగా ఎగిసి కారు కంప్యూటర్ కాలిపోవచ్చు.

వోల్టుమీటరు:
ఈ ఒక్క విషయంలో వారితో ఏకీభవిస్తున్నాను. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.5 మధ్య ఉందేమో చూస్తే చాలు.

పాత స్పానర్:
తొలిపొద్దు గారూ, బండి రేపు దారి మధ్యలో ఆగితే మీటరు పట్టుకున్నవారెవరూ రారు. ఒకసారి నేను మొహమాటపడి పాత బ్యాటరీతోనే బండి పంపాను. ఆ కుటుంబం అర్ధరాత్రి పిల్లలతో రోడ్డు పక్కన నిలబడింది. ఆ నింద నేను మోశాను, అంకెలు మోయలేదు.

వోల్టుమీటరు:
నా కథ కూడా వినండి. ఇదే లక్షణంతో వెళ్తే మొదట బ్యాటరీ మార్చారు. వారం తర్వాత స్టార్టర్. నెల తర్వాత ఆల్టర్నేటర్. మూడింటికీ డబ్బు నేనే కట్టాను. చివరికి చూస్తే టెర్మినల్ బిగింపు లోపలి వైపు తెల్లగా పొడి పట్టి ఉంది. వేడినీళ్ళు, ఇనుప బ్రష్షు, పది నిమిషాల పని. మీ అనుభవం తప్పినప్పుడల్లా ఖర్చు మా మీద పడుతోంది. నా కోపం దానిమీద!

పాత స్పానర్:
అసలు మాట ఇప్పుడు వచ్చింది. మీరు చెప్పిన పరీక్షలన్నీ నాకూ వచ్చు. ప్రతి తీగా కొలిచి, రాత్రి ఎక్కడ కరెంటు కారుతోందో చూడాలంటే కారు లోపలి కంప్యూటర్లు నిద్రపోయేదాకా అరగంటో గంటో ఆగాలి. ఆ సమయానికి కూలి అడిగితే, ఏమీ మార్చకుండానే డబ్బా అంటారు. వస్తువు చేతికి వస్తే మాత్రం ఇస్తారు. నేను బతికేది ఆ వస్తువు మీద.

వోల్టుమీటరు:
అంటే మీకు తెలిసీ కొలవలేదన్నమాట.

పాత స్పానర్:
కొలిచే తీరిక నాకు ఎవరూ ఇవ్వలేదు.

తొలిపొద్దు:
ఈ రోజు మా తమ్ముడూ నేనూ కలిసి కొలిచాం. ఇంజన్ అందుకోకుండా ఇంధన పంపు ఫ్యూజు తీసి తాళం తిప్పాం. స్టార్టర్ తిరుగుతుండగా బ్యాటరీ దగ్గర 11.1. దీపాలు కుంగడం లేదన్న వెలుగు గారి మాట గుర్తొచ్చి, అడ్డు బ్యాటరీకీ ఇంజన్‌కూ మధ్య ఉందేమోనని మీటరు సూది ఒకటి బ్యాటరీ మైనస్ మీద, రెండోది ఇంజన్ లోహం మీద పెట్టి మళ్ళీ తిప్పాం. 1.7 వోల్టులు!

వెలుగు:
అక్కడ 0.2, 0.3 మించకూడదు. కారు బాడీ నుంచి ఇంజన్‌కు వెళ్ళే ఎర్త్ తీగ (కరెంటు బ్యాటరీ మైనస్‌కు తిరిగి వచ్చే దారి) చూడండి. స్టార్టర్ 150 ఆంపియర్లు లాగేటప్పుడు 0.01 ఓమ్ అడ్డున్నా 1.5 వోల్టులు అక్కడే పోతాయి. హెడ్‌లైట్ల ఎర్త్ బాడీకి ఉంటుంది కాబట్టి అవి కుంగలేదు.

వోల్టుమీటరు:
బ్యాటరీ బాగుందని మొదటే చెప్పాను.

పాత స్పానర్:
అది ఇంకా తేలలేదు. ఎర్త్ అడ్డుపడుతుంటే బ్యాటరీ మీద పూర్తి భారం పడలేదు. తీగ మార్చి, బోల్టు కింద రంగూ తుప్పూ గీకి, మళ్ళీ తిప్పుతూ కొలవండి. తొలిపొద్దు గారూ, ఇదంతా కనుక్కోవడానికి ఎంతసేపు పట్టింది?

తొలిపొద్దు:
ఇద్దరికీ కలిపి గంటన్నర.

పాత స్పానర్:
ఆ గంటన్నరకు షెడ్డులో కూలి అడిగితే ఇచ్చేవారా?

తొలిపొద్దు:
ఇచ్చేవాణ్ణి. వాళ్ళు అడగలేదు, బ్యాటరీ ధర చెప్పారు.