మంత్రం మధ్యలో దెబ్బ తగిలితే స్లాట్ కూడా పోవాలా?

గంటస్తంభం (విజయనగరం):

మొన్న ఆదివారం ఆటలో నేనిచ్చిన ఒక తీర్పు మూడు రోజులుగా మనసులోంచి పోవడం లేదు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

మేం ఆరుగురం, కోట వెనక వీధిలో మా మేడ మీద ఆడతాం. ఆట డి అండ్ డి (డంజన్స్ అండ్ డ్రాగన్స్), తలా ఒక పాత్రగా డైసులు వేస్తూ నడిపే కథల ఆట. ఐదో ఎడిషన్, 2014 పుస్తకం. ఆట నడిపేదీ తీర్పులిచ్చేదీ నేనే. అందులో మామూలు స్పెల్ (మంత్రం) దెబ్బ తగిలినంత మాత్రాన ఆగిపోదు. ఎదుటివాడు కౌంటర్‌స్పెల్ (మంత్రాన్ని ఆపే మంత్రం) వేస్తే తప్ప దాదాపు అడ్డే లేదు. నాకది చప్పగా అనిపించి, 1989 నాటి రెండో ఎడిషన్ పద్ధతి తెచ్చి కలిపాను. ఏ స్పెల్ వేస్తారో రౌండ్ (అందరి వంతులూ ఒకసారి తిరగడం) మొదట్లోనే చెప్పాలి. అది పూర్తయ్యేలోపు దెబ్బ తగిలితే స్పెల్ పోతుంది, దానితోపాటు స్లాటూ పోతుంది. స్లాట్ అంటే స్పెల్ వేయడానికి లెక్కగా ఉండే అవకాశం, వాడితే అయిపోతుంది.

మాలో ఒక తమ్ముడు ఆమదాలవలసలో రైలెక్కి వస్తాడు. వాడిది ఐదో లెవెల్ విజార్డ్ (మంత్రగాడి పాత్ర). మూడో లెవెల్ స్లాట్లు ఉన్నవే రెండు, ఒకటి అప్పటికే అయిపోయింది. అరగంట పైగా తన వంతు కోసం కూర్చుని, గళ్ల కాగితం మీద ఫైర్‌బాల్ (నిప్పుబంతి స్పెల్) ఎక్కడ పడాలో పెన్సిల్‌తో గుండ్రంగా గీసుకున్నాడు, మనవాళ్లెవరూ అందులోకి రాకుండా. ఇంతలో ఒక గాబ్లిన్ బాణం తగిలింది. నాలుగే పాయింట్ల దెబ్బ. రూల్ ప్రకారం పోయిందన్నాను. వాడు ఏమీ అనలేదు. ఆ గుండ్రాన్ని రబ్బరుతో చెరిపేసి, డైసులు డబ్బాలో వేసుకున్నాడు. ఇంకా రెండు గంటల ఆట ఉంది.

టర్న్ (వంతు) పోవడం వరకు నాకు అభ్యంతరం లేదు. స్లాట్ కూడా లాక్కోవడం న్యాయమేనా?

నాగావళి (శ్రీకాకుళం):

న్యాయమే అన్నా. తమ్ముడి బాధ నాకూ అర్థమైంది, కానీ రూల్ తప్పు కాదు. నికుంభిలలో ఇంద్రజిత్తు హోమం చేస్తుంటే విభీషణుడు లక్ష్మణుడిని ఎందుకు తీసుకెళ్లాడు? అది పూర్తయితే వాణ్ణి గెలవలేరు గనుక. మంత్రం చెడగొట్టడం మన కథల్లో యుద్ధ విద్యలోని భాగమే. దెబ్బ తగిలినా చెక్కుచెదరని మంత్రమైతే ముందు వరసలో కత్తి పట్టుకుని నిలబడినవాడు ఎవర్ని కాపాడుతున్నట్టు? నేను ఎప్పుడూ ఫైటరే (కత్తి పట్టే యోధుడి పాత్ర) ఆడతాను. రెండో ఎడిషన్ పద్ధతిలో ఆడిన రోజుల్లో విజార్డ్ పెదవి కదిపితే చాలు, నేను అడ్డంగా వెళ్లి నిలబడేవాణ్ణి. ఆ టెన్షన్ ఇప్పటి ఆటలో లేదు.

జీడితోట (పలాస):

మూడో ఎడిషన్, 2000లో వచ్చింది, దీనికి వేరే లెక్క పెట్టింది. మంత్రం మధ్యలో దెబ్బ తగిలితే కాన్సన్‌ట్రేషన్ చెక్, అంటే ఏకాగ్రత నిలిచిందో లేదో డైస్ వేసి చూడటం. పదికి దెబ్బ పాయింట్లు, స్పెల్ లెవెల్ కలపాలి. ఇరవై ముఖాల డైస్ మీద పడింది, మన బోనస్ కలిపి ఆ అంకెను అందుకోవాలి. ఐదో లెవెల్ విజార్డ్‌కి బోనస్ పది ఉందనుకోండి. ఫైర్‌బాల్ మూడో లెవెల్, తగిలింది ఎనిమిది, మొత్తం ఇరవై ఒకటి. డైస్ మీద పదకొండు పడాలి, అంటే సగం సగం. అదే పద్నాలుగు తగిలితే పదిహేడు పడాలి, ఇక ఇరవై శాతమే. గోరంత దెబ్బకీ కొండంత దెబ్బకీ ఒకే శిక్ష వేయని పద్ధతి ఇది. మీ గాబ్లిన్ బాణానికి పదిహేడు చాలేది, డైస్ మీద ఏడు పడితే ఫైర్‌బాల్ పేలేది. చెక్ తప్పితే మాత్రం ఇక్కడా స్పెల్ పోయినట్టే.

బొబ్బిలివీణ (బొబ్బిలి):

నాగావళి గారూ, ఇంద్రజిత్తు సంగతి మీరే ఎత్తారు కాబట్టి చెబుతున్నాను. హోమం చెడింది, నిజమే. కానీ వాడు నేర్చిన అస్త్రాలు ఎక్కడికీ పోలేదు. లేచి వచ్చి లక్ష్మణుడితో భీకరంగా పోరాడాడు. చెడింది ఆ పని, విద్య కాదు. టర్న్‌కీ స్లాట్‌కీ ఉన్న తేడా నాకు అదే.

పుస్తకం కూడా ఇదే మాట అంటోంది. వేయడానికి నిమిషమో పది నిమిషాలో పట్టే స్పెల్ మధ్యలో కాన్సన్‌ట్రేషన్ చెదిరితే స్పెల్ విఫలమవుతుంది, స్లాట్ ఖర్చు కాదు. 2014 పుస్తకంలోనే ఉంది. 2024లో కౌంటర్‌స్పెల్‌నీ మార్చారు. మంత్రం వేసేవారికి కాన్‌స్టిట్యూషన్ సేవ్ (ఒంటి గట్టిదనంతో తట్టుకునే డైస్ పరీక్ష) ఇస్తారు, సేవ్ తప్పినా స్లాట్ మిగులుతుంది. పదేళ్ల పాటు ఊరూరా జనం ఆడాక చేసిన మార్పు అది.

నేను విజార్డ్ ఆడతాను. ఫైటర్ కత్తి గురి తప్పితే కత్తి విరగదు కదండీ. తర్వాతి టర్న్‌లో మళ్లీ ఎత్తుతారు. మాకు మాత్రం మళ్లీ ఎత్తడానికి ఏమీ మిగలదు.

నాగావళి (శ్రీకాకుళం):

కత్తి మాట ఒప్పుకుంటున్నాను అమ్మా. కానీ ఒక్కటి. స్లాట్ మిగిలితే, ప్రాణాలకు తెగించి ఆపినవాడికి దక్కేదేమిటి?

గంటస్తంభం (విజయనగరం):

ఒక టర్న్ దక్కుతుంది నాగావళీ. మా ఆటలో ఫైట్ మూడు నాలుగు రౌండ్లలో తేలిపోతుంది. ఒక టర్న్ పోయిందంటే ఆ ఫైట్‌లో పావు భాగమో, అంతకంటే ఎక్కువో పోయినట్టే. అది చిన్న దెబ్బ కాదు.

ఇవన్నీ చదివాక నా తప్పు ఎక్కడుందో తెలిసింది. ఆ గాబ్లిన్ ఏమీ పణం పెట్టలేదు. ఎలాగూ వేసే బాణమే వేసింది, ఫైర్‌బాల్ ఉచితంగా చెడింది. లక్ష్మణుడు దారిన పోతూ హోమం చెడగొట్టలేదు, పనిగట్టుకుని వెళ్లాడు. కాబట్టి వచ్చే ఆదివారం నుంచి రౌండ్ మొదట్లో స్పెల్ చెప్పే పద్ధతి తీసేస్తున్నాను. మంత్రం ఆపాలనుకున్నవాడు ముందే తన యాక్షన్ (తన టర్న్‌లో చేసే పని) అట్టిపెట్టుకోవాలి, ‘వాడు మంత్రం ఎత్తుకోగానే కొడతాను’ అని. శత్రువులకూ మనకూ ఒకటే రూల్. మంత్రం ఎత్తకపోతే ఆ యాక్షన్ వృథా. తగిలితే విజార్డ్‌కి ఐదో ఎడిషన్ సేవ్, అందుకోవాల్సిన అంకె పది లేదా దెబ్బలో సగం, ఏది ఎక్కువైతే అది. మా తమ్ముడికి బోనస్ రెండు, ఎనిమిది పడితే చాలు, అరవై ఐదు శాతం. తప్పితే టర్న్ పోతుంది, స్లాట్ ఉంటుంది.

నాగావళీ, దీనితో నీ ఫైటర్‌కి కూడా పని దొరుకుతుంది. అట్టిపెట్టుకున్న ఆ బాణానికి ఎవరో ఒకరు అడ్డం నిలబడాలి.

ఇందాకే తమ్ముడికి ఫోన్ చేశాను. ఆ రెండో స్లాట్ వెనక్కి ఇస్తున్నానని, మొన్నటి ఫైట్‌ని ఆ రౌండ్ నుంచే మళ్లీ మొదలుపెడదామని చెప్పాను. గళ్ల కాగితం నా దగ్గరే ఉంది. చెరిపినా, పెన్సిల్ గుండ్రం గుర్తు ఇంకా కనిపిస్తోంది.