2019 ఎల్‌ఎస్‌యూ అజేయ సీజన్: ఘనతంతా క్వార్టర్‌బ్యాక్‌దేనా?

ప్రశ్న – కొత్త ప్రేక్షకుడు
క్రికెట్ చూస్తూ పెరిగిన నాకు హ్యూస్టన్ వచ్చాకే కాలేజీ ఫుట్‌బాల్ (అమెరికన్ ఫుట్‌బాల్) అలవాటైంది. లూసియానా స్టేట్ యూనివర్సిటీ, అంటే ఎల్‌ఎస్‌యూ, 2019 సీజన్‌లో ఆడిన 15 మ్యాచ్‌లూ గెలిచి ఛాంపియన్ అయిందని తెలుసు. కానీ అంతకుముందు ఏడాది క్లెమ్సన్ యూనివర్సిటీ జట్టు కూడా 15కు 15 గెలిచింది కదా! అయినా మా ఆఫీసులో అందరూ ఎల్‌ఎస్‌యూ పేరే ఎందుకు ఎత్తుతారు? అది క్వార్టర్‌బ్యాక్ (జట్టు దాడిని నడిపిస్తూ బంతి విసిరే ఆటగాడు) జో బరో ఒక్కడి ప్రతాపమేనా?

జవాబు – గ్యాలరీ చివరి వరుస
ఒక్కడిదే అనడం సబబు కాదండీ. 2018లోనూ క్వార్టర్‌బ్యాక్ బరోనే; ఆ ఏడాది అతని పాస్‌లతో వచ్చిన టచ్‌డౌన్లు (బంతిని ప్రత్యర్థి గోల్ గీత దాటించి చేసే స్కోర్లు) 16, మరుసటి ఏడాది 60. మనిషికన్నా ఎక్కువగా మారింది ఆట పద్ధతి. అంతవరకు ఎల్‌ఎస్‌యూ అంటే గట్టి డిఫెన్స్, బంతిని చంకన పెట్టుకుని పరుగెత్తే ఆట. కోచ్ ఎడ్ ఆర్జెరాన్ న్యూ ఆర్లీన్స్ సెయింట్స్ అనే ప్రొఫెషనల్ జట్టు నుంచి జో బ్రేడీ అనే కుర్ర సహాయకుణ్ణి తెచ్చుకున్నాక, బరోకు రక్షణగా అదనపు మనిషి లేకపోయినా సరే, ఐదుగురు ఆటగాళ్లను బంతి అందుకోవడానికి మైదానం నిండా పంపి, వారిలో ఎవరు ఖాళీగా ఉన్నారో క్షణంలో చూసి అతను విసిరే ఆట మొదలైంది. జమార్ చేజ్‌కు ఇద్దరిని కాపలా పెడితే జస్టిన్ జెఫర్సన్ ఖాళీ. చేజ్ 20, జెఫర్సన్ 18 టచ్‌డౌన్లు చేయడం వెనుక ఉన్న లెక్క అదే.

జవాబు – మయామి పక్షపాతి
సీజన్‌కు ముందు అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ ఇచ్చిన ర్యాంకుల్లో మొదటి నాలుగు స్థానాల్లో ఉన్న క్లెమ్సన్, అలబామా, జార్జియా, ఓక్లహోమా నాలుగింటినీ ఎల్‌ఎస్‌యూ ఓడించింది, దాన్ని కాదనను. కానీ డిఫెన్స్ మాటేమిటి? ఓల్ మిస్ (మిసిసిపీ యూనివర్సిటీ)పై 58-37తో గెలిచిన రోజున ఆ జట్టును మైదానంలో మొత్తం 600 గజాలకు పైగా ముందుకు రానిచ్చింది. 2001లో మయామి యూనివర్సిటీ జట్టు 12 మ్యాచ్‌లూ గెలుస్తూ ప్రత్యర్థులకు మొత్తంగా ఇచ్చినవి 117 పాయింట్లే. ఎల్‌ఎస్‌యూ 15 మ్యాచ్‌ల్లో 328 ఇచ్చింది. నా ఓటు మయామికే.

జవాబు – పాత గాయం
అంకెలు సరే గానీ, ఎల్‌ఎస్‌యూ ఊరైన బ్యాటన్ రూజ్‌లో 2019లో అంత ఉద్వేగం ఎందుకు పొంగిందో తెలియాలంటే 2011 సీజన్‌కు వెళ్లాలి. అప్పుడు కూడా ఎల్‌ఎస్‌యూ 13 మ్యాచ్‌లూ గెలిచి న్యూ ఆర్లీన్స్ సూపర్‌డోమ్‌లో ఫైనల్ ఆడింది. అలబామా చేతిలో 21-0తో ఓడింది. జట్టంతా కలిసి సాధించింది 92 గజాలు! ఆ ఓటమితో మొదలుపెట్టి అలబామాపై వరుసగా ఎనిమిది పరాజయాలు. అందుకే 2019 నవంబరులో అలబామా సొంత ఊరు టస్కలూసాలో 46-41తో గెలిచినప్పుడు అభిమానులకు సగం ట్రోఫీ అప్పుడే చేతికొచ్చినట్టైంది. 2020 జనవరి 13న అదే సూపర్‌డోమ్‌లో, వరుసగా 29 మ్యాచ్‌లు గెలిచి వచ్చిన క్లెమ్సన్ 17-7తో ముందుకెళ్లినా, చివరికి ఎల్‌ఎస్‌యూ 42-25తో గెలిచింది. పాస్‌లతో బరో సాధించిన గజాలు 463. మయామి అభిమాని గారి 117కు పక్కన ఈ 92నూ 463నూ కూడా రాసుకోవాలని నా మనవి.

ప్రశ్న వేసినవారు
ముగ్గురికీ కృతజ్ఞతలు. ఈ శనివారం ఆ 2019 ఓల్ మిస్ మ్యాచ్ రికార్డింగ్‌తోనే చూడటం మొదలుపెడతాను. ఆ డిఫెన్స్ సంగతేమిటో తేల్చుకుని అలబామా మ్యాచ్‌కు వస్తాను.