15 ఏళ్ల పిల్లాడికి 1778 నాటి తరహా బ్రీచెస్ (మోకాళ్ల దాకా ఉండే ప్యాంటు) ఎక్కడ దొరుకుతాయి?

మేముండేది న్యూజెర్సీలో. ఇక్కడి మాన్మత్ యుద్ధాన్ని (అమెరికా స్వాతంత్ర్య పోరాటంలోది, 1778 జూన్ 28) మళ్లీ కళ్లకు కట్టే బృందంలో మా అబ్బాయి చేరాడు. తుపాకీ పట్టే వయసు రాలేదని ఫైఫ్ (చిన్న పిల్లనగ్రోవి) ఊదమన్నారు.

హంటింగ్ షర్ట్‌తో పేచీ లేదు. వదులు లినెన్ చొక్కానే కదా, ఇంట్లోనే కుట్టేశాను. చిక్కంతా బ్రీచెస్‌తోనే. వాడి నడుము 26 అంగుళాలు. దొరికే పెద్దవాళ్ల సైజులు 30 నుంచి మొదలు. బిగించి కడితే వెనక గోనెసంచిలా వేలాడుతోంది (ఆ కాలంలో వెనక కాస్త వదులుగానే కుట్టేవారు, కానీ మరీ ఇంత కాదు). కాస్ట్యూమ్ షాపులో తెచ్చింది పాలిస్టర్. నిప్పు దగ్గర కరిగి ఒంటికి అంటుకుంటుందని బృందంవాళ్లు వద్దన్నారు. గుంటూరులో మా టైలర్‌కి కొలతలు, ఫొటోలు పంపితే చక్కగా కుట్టి పంపాడు, జిప్పు పెట్టి! ముందు గుండీలతో తెరుచుకునే ఫ్లాప్, మోకాలి దగ్గర గుండీలు ఉండాలి. ఎదిగే పిల్లాడు, కొత్తవాటికి అంత డబ్బు పోయబుద్ధి కావట్లేదు.

ఈ కొలతకు లినెన్ లేదా ఉన్ని బ్రీచెస్, అద్దెకైనా వాడినవైనా సరే, జూన్‌లోపు ఎక్కడ దొరుకుతాయి?