బ్రాడ్‌ఫర్డ్ మిల్లు పిల్లలు: చట్టాలు వచ్చినా అన్నేళ్ళు ఎందుకు పట్టింది?

చైతన్య_లీడ్స్:
అందరికీ నమస్తే. మా పాపకి ఇక్కడ ఇంగ్లండ్‌లోని లీడ్స్ బడిలో విక్టోరియా కాలం పాఠం నడుస్తోంది. 1833లో ఫ్యాక్టరీ చట్టం, 1870లో విద్యా చట్టం, దాంతో పిల్లలు మిల్లులు మానేసి బడికి వెళ్ళారు అని రెండు ముక్కల్లో తేల్చేశారు. కానీ మాకు పక్కనే ఉన్న బ్రాడ్‌ఫర్డ్‌లో 1910లో కూడా పన్నెండేళ్ళ పిల్లలు సగం పూట ఉన్ని మిల్లులో, సగం పూట బడిలో ఉండేవాళ్ళని చదివాను. మరి అన్ని చట్టాలు వచ్చి ఏం లాభం? తప్పు మిల్లు యజమానులదా, తల్లిదండ్రులదా? పాప అడుగుతోంది, సరిగ్గా చెప్పాలని ఉంది.

రవికిరణ్:
మంచి ప్రశ్న అండి. 1830లో రిచర్డ్ ఓస్ట్లర్ అనే ఆయన లీడ్స్ పత్రికకి ఉత్తరం రాశాడు, బానిసత్వం ఎక్కడో వలస దేశాల్లోనే కాదు, మన యార్క్‌షైర్‌లోనే, బ్రాడ్‌ఫర్డ్ మిల్లుల్లోనే ఉంది చూడండి అని. ఆయనకి ఈ సంగతి చెప్పింది జాన్ వుడ్ అనే మిల్లు యజమానే. కాబట్టి యజమానులందర్నీ ఒకే గాటన కట్టలేం.

ఇక 1833 చట్టం. తొమ్మిదేళ్ళలోపు పిల్లల్ని బట్టల మిల్లుల్లో పెట్టకూడదు, పదమూడేళ్ళలోపు వాళ్ళకి వారానికి 48 గంటలే పని, రోజుకి రెండు గంటలు చదువు. వినడానికి బాగుంది, కానీ దేశం మొత్తానికి ఇన్‌స్పెక్టర్లు నలుగురే! పైగా ఇంగ్లండ్‌లో జననాల రిజిస్ట్రేషన్ మొదలైందే 1837లో. అంతవరకు పిల్లవాడి వయసు ఎవరు చెప్పాలి? డాక్టర్ ఎత్తు చూసి, ఒంటి తీరు చూసి తొమ్మిదేళ్ళు నిండినట్టున్నాయి అని కాగితం రాసిస్తే పని అయిపోయేది.

1844లో సగం పూట పద్ధతి పెట్టారు. రోజుకి ఆరున్నర గంటలు మిల్లు, మూడు గంటలు బడి. అదే చట్టంలో కనీస వయసుని తొమ్మిది నుంచి ఎనిమిదికి దించారు కూడా, ఇది చాలామంది వదిలేస్తారు. తెల్లవారుజామునే లేచి, ఉన్ని వడికే యంత్రాల మోతలో నిండిన బాబిన్లు (నూలు చుట్టుకునే కండెలు) తీసి ఖాళీవి పెట్టిన పిల్ల మధ్యాహ్నం బడికొచ్చి బల్ల మీద తల పెట్టి నిద్రపోతే టీచర్ లెక్కలు ఏం చెబుతాడు? కాగితం మీద మాత్రం హాజరు పడిపోయేది. 1901 నాటికి కనీస వయసు పన్నెండుకి పెరిగింది, సగం పూట పద్ధతికి మాత్రం 1918 చట్టం వచ్చాకే ముగింపు.

పద్మజ_హిస్టరీ:
రవి గారు చెప్పినదానికి ఇంకో మాట. తల్లిదండ్రుల్ని తిట్టడం తేలిక, కానీ ఆ ఇళ్ళలో పిల్లల జీతం లేకపోతే అద్దె కట్టలేరు. పక్కన లాంకషైర్‌లో 1909లో పత్తి మిల్లు కార్మికుల్ని ఓటు అడిగితే సగం పూట పని ఉండాల్సిందే అన్నారు, వాళ్ళలో ఎంతోమంది చిన్నప్పుడు ఆ పని చేసినవాళ్ళే. అలాగే 1870 చట్టం తెచ్చిన ఫోర్‌స్టర్ ఎవరనుకున్నారు? బ్రాడ్‌ఫర్డ్ ఎంపీ, స్వయంగా ఉన్ని మిల్లు యజమాని. ఆయన చట్టం బడులు కట్టించింది నిజమే, దానికి మెచ్చుకోవాలి. కానీ దేశమంతా హాజరు తప్పనిసరి అయ్యింది 1880లో, ఫీజుల భారం దాదాపు తొలగింది 1891లో. అప్పటిదాకా పేదింటి పిల్లకి బడి అంటే ఖర్చూ, జీతం నష్టమూ రెండూ.

సుధ_టీచర్ (గద్వాల):
ఈ చర్చలో పిల్లల ఒంటి సంగతి ఎవరూ ఎత్తలేదేంటండీ? బడి తప్పనిసరి చేశాక బయటపడిందే అది. మార్గరెట్ మెక్‌మిలన్ 1894లో బ్రాడ్‌ఫర్డ్ స్కూల్ బోర్డుకి, అంటే ఊరి బడుల్ని నడిపే సంఘానికి ఎన్నికైంది. చలికాలం మొత్తం విప్పకుండా ఒంటి మీదే బట్టలు కుట్టేసిన పిల్లల్ని చూసి, స్నానాలు బడిలోనే పెట్టాలని పోరాడింది. 1897లో ఆ ఊళ్ళోనే వాపింగ్ బడిలో స్నానాల గదులు వచ్చాయి.

తిండి విషయం ఇంకా గట్టిది. 1906లో ఫ్రెడ్ జోవెట్ అనే బ్రాడ్‌ఫర్డ్ ఎంపీ పార్లమెంటులో పట్టుబట్టి మాట్లాడాడు, ఆ ఏడే బడి భోజనాల చట్టం వచ్చింది. మరుసటి ఏడు బ్రాడ్‌ఫర్డ్ బడుల వైద్యాధికారి డాక్టర్ క్రౌలీ నలభై మంది దాకా నిరుపేద పిల్లలకి కొన్నాళ్ళపాటు పొద్దున గంజిలాంటి పారిజ్, మధ్యాహ్నం భోజనం పెట్టించి అందర్నీ తూకం వేశాడు. తిన్న పిల్లలు తినని పిల్లల కన్నా బాగా బరువు పెరిగారు, మధ్యలో సెలవుల వారం రాగానే తగ్గిపోయారు. బల్లల మీద తెల్ల గుడ్డలు పరిచి, పూలు పెట్టి, పెద్ద ఆడపిల్లలతో వడ్డింపించారట. దానం తీసుకుంటున్నామనే చిన్నచూపు పిల్లలకి తగలకూడదని అంత జాగ్రత్త పడ్డారు, నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. మా బడిలో సోమవారం పొద్దున కొందరు పిల్లల ముఖాలు చూస్తే ఆ సెలవుల తూకం లెక్క నాకు వేరే చెప్పక్కర్లేదు.

మన దగ్గర కూడా 1920ల మొదట్లోనే మద్రాసు కార్పొరేషన్ థౌజండ్ లైట్స్ బడిలో పిల్లలకి టిఫిన్ పెట్టింది. అప్పుడు కార్పొరేషన్ పెద్ద మన తెలుగు ఇంటి త్యాగరాయ శెట్టి గారే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మధ్యాహ్న భోజనం మాత్రం 2001 సుప్రీంకోర్టు ఆదేశం తర్వాత, 2003 జనవరిలో మొదలైంది.

చైతన్య_లీడ్స్:
ఇంత ఓపిగ్గా చెప్పినందుకు అందరికీ చాలా థాంక్స్. సుధ గారూ, సెలవుల్లో బరువు తగ్గుతోందని తెలిశాక ఏమైనా చేశారా?

సుధ_టీచర్ (గద్వాల):
1906 చట్టం ప్రకారం బడి రోజుల్లోనే పెట్టాలి, అదీ స్థానిక పన్నులో పౌండుకి అరపెన్నీ (అప్పట్లో పౌండుకి 240 పెన్నీలు) మించకుండా. 1914లో చట్టం మార్చారండి, అరపెన్నీ హద్దు తీసేసి, సెలవుల్లో కూడా పెట్టొచ్చన్నారు. మొదట వంట మొదలెట్టిన గ్రీన్ లేన్ బడి ఇప్పటికీ బ్రాడ్‌ఫర్డ్‌లోని మానింగ్‌హామ్‌లో నడుస్తోంది, మీకు దగ్గరే కదా, పాపకి ఓసారి చూపించండి.